గడ్డి కప్పు కింద నిప్పు

మా రామచంద్రపురంలో కొన్నాళ్లు నాతోపాటు పాఠాలు చెప్పిన మార్గరెట్ గారు పిలిస్తే, 2003 చలికాలంలో ఇంగ్లండ్‌లోని వాళ్ల పల్లెటూరికి వెళ్లాను. ముచ్చటైన చిన్న ఇల్లు. కానీ పైకప్పు చూడగానే గుమ్మం బయటే ఆగిపోయాను. అంతా ఎండుగడ్డే!

సాయంత్రం నన్ను చూడ్డానికి పక్కింటి ముసలి దంపతులు వచ్చారు. మార్గరెట్ గారు హాల్లో చలి కాచుకోవడానికి గోడలో కట్టిన పొయ్యిలో దుంగలు పేర్చి మంటవేసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు. ఇంతలో ఒక దుంగ ఫట్‌మని పేలి నిప్పురవ్వలు పైకి లేచాయి. అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. గుమ్మం బయట వాననీళ్లతో నిండిన బకెట్టు తెచ్చి మంటమీద గుమ్మరించేశాను. గుప్పున లేచిన బూడిద ఆ పెద్దాయన తెల్ల స్వెట్టరు నిండా పడింది.

"ఏమైందండీ?" అంటూ మార్గరెట్ గారు పరుగున వచ్చారు.

సిగ్గుతో ఏడుపొచ్చింది. "నా చిన్నప్పుడు పక్కింటి పొయ్యిలోంచి ఒక్క రవ్వ ఎగిరిపడి మా తాటాకిల్లు, మా వీధంతా కాలిపోయిందండీ. అప్పట్నుంచి గాలి లేస్తే చాలు, అన్నం ఉడక్కపోయినా మా అమ్మ పొయ్యి ఆర్పేసేది" అన్నాను. ఆవిడ వాళ్లకి ఇంగ్లీషులో చెప్పారు. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఆ దంపతులు మమ్మల్ని టీకి పిలిచారు. వాళ్లదీ గడ్డికప్పే. బెదురుతూనే లోపలికి వెళ్లాను. పొయ్యి శుభ్రంగా తుడిచి, అందులో పూలకుండీ పెట్టారు. ఇద్దరూ ఇంట్లోనే కోట్లు, టోపీలు వేసుకుని కూర్చున్నారు. చలికి వణుకుతున్న చేత్తోనే పెద్దాయన నాకు టీ పోశారు.

ఇప్పుడు ఎక్కడ నిప్పురవ్వ చూసినా, కాలిపోయిన మా వీధితోపాటు ఆ పూలకుండీ కూడా గుర్తొస్తుంది.