శాంతయ్య బతికున్నాడనడానికి ఆధారం

చిత్తూరులో మా పక్కింటి శాంతయ్య చచ్చిపోయి, ఏడాది దాటాక తిరిగొచ్చి, తన చావుకు ఏడ్చినవాళ్లతో పేరుపేరునా గొడవ పెట్టుకున్నాడు. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. అబద్ధమాడితే సిస్టరమ్మ మెటికల మీద స్కేలుతో కొట్టేది కాబట్టి ఒక్క మాట వెనక్కి తీసుకుంటాను. ఆయన చచ్చింది నెట్‌లో మాత్రమే. ఒంటితో ఆ ఏడాదంతా ఇక్కడే ఉన్నాడు, రాగిసంగటి తింటూ, ఉప్పు తక్కువైందని తిడుతూ.

మామిడి మండీలో గుమాస్తాగా రిటైరయ్యాక శాంతయ్య 'ఊరూరి సంగతి' అనే సైటులో చేరాడు. అందులో ఊళ్ల గురించి ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసిందైనా దిద్దొచ్చు. ఎవరికీ పైసా రాదు. శాంతయ్య రాసింది తక్కువ, కొట్టేసింది ఎక్కువ. కార్వేటినగరం కోట గురించి ఎవరైనా వాళ్ల అవ్వ చెప్పిన కథ రాస్తే, 'ఆధారం ఏది?' అని తీసేసేవాడు. 'ఎవరి గురించి వాళ్లు చెప్పుకునే మాట చెల్లదు, పేపర్లో అచ్చయి ఉండాలి' అనే నియమం పెట్టించింది కూడా ఆయనే. తరవాత కళ్లకు ఆపరేషనైంది. తెర చూడొద్దని డాక్టరు చెప్పడంతో ఆ పని ఆగిపోయింది.

మొన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుని కంప్యూటరు తెరిచాడు. కేక విని నేను వెళ్లేసరికి తెర మీద ఆయన ఫొటో. మెడలో పూలమాల, నుదుట కుంకుమ, కింద 'అశ్రునివాళి'. అది రిటైరైన రోజు మండీవాళ్లు మాలవేసి తీసిన ఫొటో. సైటులో పెట్టుకున్నది ఆయనే. మాల ఉన్న ఫొటో చూసి, నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే, అవతలివాళ్లు ఇంకేమనుకుంటారు? ఖాతాకు తాళం వేసేశారు.

"ఎవురు సంపినారబ్బా నన్ను?" అన్నాడు.

నివాళులన్నీ పళ్లు కొరుకుతూ చదివాడు. 'శాంతయ్యగారు నా వ్యాసాలన్నీ తొలగించారు. వారు లేని లోటు తీరనిది' అని హేమశ్రీ అనే అమ్మాయి రాసింది. ఆమెది తిరుపతి. ఇప్పుడు సైటు నిర్వాహకురాలు ఆమే. శాంతయ్య ఆమెకు ఫోను కొట్టాడు.

"పాపా, శాంతయ్యను మాట్లాడతా ఉండా. నేను సావలేదు. తాళం తియ్యి."

"చాలా సంతోషం సార్. ఆధారం ఉందా?"

"నేనే మాట్లాడతా ఉంటే ఇంకేం ఆధారం మే?"

"ఎవరి గురించి వాళ్లు చెప్పుకుంటే చెల్లదు కదా సార్. మీరు పెట్టిన నియమమే. పేపర్లో ఏమన్నా వచ్చుంటే పంపండి."

ఫోను పెట్టేశాక ఆయన ముఖం ఎండుమిరపకాయలా ఉంది. కార్వేటినగరం పేజీ తెరిచి నాకు చూపించాడు. "సూడు, కోటలో దయ్యపు ఏనుగు తిరగతాదంట. నేను తీసేసిన ఏనుగు మళ్లా వచ్చుండాది. తాళం తియ్యకుంటే దాన్నెట్ల తరిమేది?"

ఆ ఏనుగును మళ్లీ పేజీలోకి తోలిందెవరో నన్నడక్కండి.

ఇద్దరం బస్టాండు పక్కన మునిప్రసాద్ గదికి పోయాం. అతను ఒక చిన్న పేపరుకు విలేకరి.

"శాంతయ్య బతికుండాడని నాలుగు లైన్లు వెయ్యప్పా" అన్నాను.

"బతికుండేది వార్తెట్లయితాది తాతా?" అని నవ్వాడు. "పోయినప్పుడు చెప్పండి, ఫొటోతో వేస్తా."

శాంతయ్య ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. తరవాత ఇంకొకటి. నేను చూసినంతలో ఏడు విరిగాయి. గదిలో ఉన్నవే రెండని మునిప్రసాద్ అంటాడు.

"సచ్చినోడు ఇట్ల కొడతాడా? రాసుకో. పేరు శాంతయ్య. ఊరు చిత్తూరు. రాసుకో."

మర్నాడు లోపలి పేజీలో వచ్చింది: 'విలేకరి గదిలో వృద్ధుడి వీరంగం'. పేరుంది, ఊరుంది, మాల లేని ఫొటో ఉంది. పంపగానే హేమశ్రీ తాళం తీసింది. శాంతయ్య చేసిన మొదటి పని ఏనుగును తరిమేయడం. రెండో పని తన పేజీ చూసుకోవడం. నివాళి పోయి, ఆ చోట 'శాంతయ్య బతికే ఉన్నారు. కుర్చీలు విరగ్గొడతారు' అని ఉంది. రెండు ముక్కలకూ పేపరే ఆధారం. కుర్చీల మాట తీసెయ్యమంటే, ఎవరి గురించి వాళ్లు దిద్దుకోకూడదు సార్ అందట.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అంతా అబద్దం. నేను కుర్చీ ఎత్తలేదు. ఆ పాపతో మాట్లాడనే లేదు. నువ్వు సెప్పేదానికి ఆధారం యాడుండాది?"

పేపరు ముందు పెట్టాను. ఫొటోను చాలాసేపు చూశాడు.

"ఇది నేను కాదు" అన్నాడు.