డ్రైవరు దొరికిన రోజు

నిన్న వీడియో కాల్‌లో నా చేతిలోని పాత ఫోను చూసి "ఇంకా పారెయ్యలేదా నాయనమ్మా?" అని నవ్వారు కదా. పారెయ్యలేదు. అందులో మా అప్ప గొంతు ఉంది. అప్ప అంటే నా తోడబుట్టిన అక్క. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్ముకుంటూ బతికింది.

మీ తాత సంబంధం ముందు అప్పకే వచ్చింది. వద్దంది. తర్వాత నాకు చేశారు. ఎందుకు వద్దందో ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. పోయినేడు అడిగేశాను. కొన్నదాని మీద అనుమానం వస్తే, ముందు బేరమాడి వదిలేసినవాళ్లనే కదా అడగాలి.

"నీ మొకం సూసి సెప్పలేనే. ఆ ఫోను నాకాడ వొదిలెల్లు, దానికి సెప్తాను," అంది అప్ప.

కొన్నాళ్లకి ఫోను తిరిగొచ్చింది. అప్పుడు మీ మావయ్య, అదే మా అల్లుడు, ఇంట్లోనే ఉన్నాడు.

"ఫోను స్లో అయిపోనాది అత్తా, సెత్తంతా తీసీసాను," అన్నాడు, నేను అప్ప మాట వినకముందే. చాలా శుభ్రంగా తీశాడు. చెత్తతోపాటు అప్ప చెప్పింది కూడా పోయింది. మళ్లీ అడుగుదాంలే అనుకుంటుండగానే అప్పే పోయింది.

అల్లుడు చాలా బాధపడ్డాడు. అన్నం మాత్రం మానలేదు. దినాలయ్యాక తన కంప్యూటరు పట్టుకొచ్చాడు.

"సెరిపీసింది మళ్లీ తియ్యాలంటే ఫోను రూట్ సెయ్యాలత్తా. లోపలి తాళాలన్నీ మన సేతికొస్తాయి. తేడా వస్తే మాత్రం ఫోను ఇటుకైపోతాది."

"ఇటుకైతే గోడలో పెట్టుకుంటాన్లే బాబూ. కానీ."

ఫోనుకి వైరు తగిలించాడు. కంప్యూటరు ఫోన్ని గుర్తుపట్టలేదు. ఈ కన్నంలో కాదని ఆ కన్నంలో పెట్టాడు. ఆపి మళ్లీ వేశాడు. అయినా గుర్తుపట్టలేదు. కట్నం చదివించకుండా భోజనానికి కూర్చున్న చుట్టాన్ని కూడా ఎవరూ ఇంతసేపు గుర్తుపట్టకుండా ఉండరు. చివరికి చెమట తుడుచుకున్నాడు.

"డ్రైవర్ దొరకట్నేదత్తా. డ్రైవర్ నేకపోతే రూట్ అవదు."

రూటు, డ్రైవరు అంటే నాకు అర్థమైంది ఒక్కటే. ఇది ఇంట్లో అయ్యే పని కాదు, శ్రీకాకుళంలో ఏ దుకాణానికో వెళ్లాలి, బండి కావాలి. ఆ మాట చెప్పడానికి మొహమాటపడుతున్నాడు కాబోలనుకుని, వీధి చివరి ఆటో అతనికి నేనే ఫోను చేశాను. హారన్ కొట్టుకుంటూ వచ్చాడు.

"డ్రైవర్ నేడన్నావు, వొచ్చీసాను. ఏ రూటు పిన్నీ?"

మీ మావయ్య తల పట్టుకున్నాడు. "అత్తా, ఈ డ్రైవర్ కాదు. అది కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాం, ఫోన్ని దానికి సూపిత్తాది."

"కంప్యూటర్లో ఉంటే మరి దొరకట్నేదంటావేటి బాబూ?"

అల్లుడు ఆటోలో పాటల పెట్టెకి తగిలించిన వైరు కాసేపు ఇమ్మని అతన్ని అడిగాడు. అది పెట్టగానే కంప్యూటరు ఫోన్ని గుర్తుపట్టింది. అంతవరకూ వాడింది ఛార్జింగు వైరట. తిండి పెడుతుంది గానీ ఒక్క మాటా అందించదట. అలాంటి మనిషినొకర్ని నేనూ ఎరుగుదును. పక్క కుర్చీలో పేపరు చదువుతున్నారు.

"హమ్మయ్య, డ్రైవర్ దొరికీసింది!" అన్నాడు అల్లుడు. ఆటో అతను తననే అన్నారనుకుని తలూపాడు.

సాయంత్రానికి రూటూ అయింది, చెరిపేసినవన్నీ తేలాయి. గుడ్ మార్నింగ్ పువ్వులు, మీ తాత తీసుకున్న తన బొటనవేలి ఫోటోలు, అన్నిటికంటే అడుగున అప్ప. అల్లుడు మెల్లగా బయటికి వెళ్లిపోయాడు. మీ తాత పేపరు దించలేదు. పేజీ తిప్పనూ లేదు.

వెనక అలల చప్పుడు. అప్ప గొంతు సవరించుకుంది.

"ఒసే, ఇంటన్నావా? మీ ఆయన మంచోడే. నానెందుకు వొద్దన్నానంటే... ఆ రోజు సూపులకొచ్చినప్పుడు ఆయన... హోయ్! హోయ్! సచ్చిన కాకులు! సేపలన్నీ ఎత్తుకుపోతన్నాయే!"

తర్వాత పరుగు. చాలాసేపు కాకులు. తోలొచ్చి ఆయాసపడుతూ ఫోను ఆపేసింది. చెప్పేశాననుకుందేమో.

తాతనే అడగవచ్చు కదా అంటారు మీరు. అడిగాను.

"నాకేటి తెలుసు, కాకుల్నడుగు," అన్నారు పేపరు వెనకనుంచి.

ఇంతకీ ఆ రోజు ఆయన ఏం చేసుంటారర్రా?