శుభ్రమైన మూలలో దుమ్ము

"ఈసారి నా చెయ్యి ఆగదేమోనని భయంగా ఉందక్కా. నిన్న పిల్లాణ్ణి గోడకేసి నెట్టేశాను."

"తల తగిలిందా?"

"లేదు. పరుపు అడ్డొచ్చింది."

అడిగిన ఆవిణ్ణి, ఆ పిల్లాడి తల్లి పనిచేసే ఆఫీసులో అందరూ దుమ్మక్క అంటారు. ఆకాశం పటాల్లోంచి దుమ్ము ఏరడమే ఆవిడ పని. ఆకాశాన్ని మైక్రోవేవ్ తరంగాల్లో చూస్తే విశ్వం పసితనపు వెలుగు కనబడాలి. కానీ మన పాలపుంతలోని దుమ్ము కూడా వెలుగుతూ దానికి అడ్డు నిలుస్తుంది. "ముత్తవ్వ గుసగుస వినాలంటే ముందు పక్కింటి పోట్లాట తీసెయ్యాలి" అంటుంది దుమ్మక్క. అందుకే ఒకే చోటును వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో చూస్తారు. పాత వెలుగు ఎందులో చూసినా ఒకే ఉష్ణోగ్రత చూపిస్తుంది. దుమ్ము మాత్రం ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రెచ్చిపోతుంది.

ఆ మధ్యాహ్నం మీటింగులో, పాత వెలుగులో కొత్త జాడ దొరికిందని సంబరపడుతున్న జట్టు పెద్దతో ఆవిడ అంది: "సార్, మీరు కనిపెట్టింది దుమ్మే."

ఆకాశంలో ఆ జాడ దొరికిన చోటుకు వాళ్ళు ఎప్పుడో 'శుభ్రమైన మూల' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు నమ్మి, దుమ్మక్క చూసేదాకా ఎవరూ దాన్ని రెండో ఫ్రీక్వెన్సీలో చూడలేదు.

"నా నోట్లో మట్టి కొడతావా?" పెద్దాయన గాజు కూజా విసిరాడు. దుమ్మక్క కనుబొమ చిట్లి నెత్తురు కీబోర్డు సందుల్లోకి కారింది. ఆయన కుర్చీ ఎత్తి తెర బద్దలు కొట్టాడు. నలుగురు కలిసి అదిమిపట్టినా ఆయన పిడికిలి గోడను గుద్దుతూనే ఉంది. పిల్లాడి తల్లి ఆ పిడికిలి వంకే చూస్తూ నిలబడిపోయింది.

ఆస్పత్రిలో కుట్లు వేయించుకుంటూ, వెంట వచ్చిన ఆమెతో దుమ్మక్క అంది: "కుట్లు నాకైతే మొహం నీది పాలిపోయిందేమే?"

"ఆయన్లో నేనే కనబడ్డానక్కా."

"సరే, మీవాడు ఏడిస్తే ఏమంటావు?"

"మొండిఘటం అంటాను."

"చూశావా! పేరు పెట్టేశావు. ఇక చూడ్డం మానేశావు."

ఆ సాయంత్రం పిల్లాడు పాలగిన్నె ఆమె మొహాన విసిరాడు. ముక్కు అదిరింది, కళ్ళు మండాయి. చెయ్యి లేచింది. లేచిన చేత్తోనే తలుపు పట్టుకుని వెనక్కి జరిగింది. వాడు కుడిచెవి పీక్కుంటున్నాడు. ముట్టుకుంటే సలసల కాలిపోతోంది.

ఇప్పటికీ ఆమె చెయ్యి లేస్తుంది. లేచినప్పుడల్లా దుమ్మక్క ఆస్పత్రి మెట్ల మీద చెప్పిందే చేస్తుంది: "ముందు వెనక్కి జరుగు. ఆకలేమో చూడు, నొప్పేమో చూడు, నీ కోపమేమో అదీ చూడు. పేరుకేం తొందర, తర్వాత పెట్టుకోవచ్చు."