కబ్దేష్ పొలం కింద పెచ్చు

మీరు ఎర్ముఖాన్‌ని కలిసి తీరాలి! ఉత్తర కజకిస్తాన్‌లో మా ఊరి ట్రాక్టర్ డ్రైవర్. గోధుమ కోతలవగానే ఆయనా, వాళ్ళన్న కబ్దేషూ రెక్కనాగలి దించి భూమిని తిరగేసేవాళ్ళు. ముప్పయ్యేళ్ళు, ఎప్పుడూ అదే లోతు. దువ్వెన పెట్టి దువ్వినట్టుండే ఆ నల్లటి చాళ్ళంటే కబ్దేష్‌కి ప్రాణం.

ఈ సెప్టెంబరులో కబ్దేష్ పోయాడు.

మా శ్మశానం దిబ్బ మీద నాగలి ఎన్నడూ పడలేదు. మగాళ్ళు వంతులేసుకుని గొయ్యి తవ్వారు. ఎర్ముఖాన్ కాలు పెట్టి నొక్కకముందే పార దిగిపోయింది. నడుం లోతులో కూడా గడ్డివేళ్ళు, వానపాముల బొరియలు.

"మీ అన్నకి మెత్తటి పరుపే దొరికిందిరా," పొరుగింటి తోకెన్ గొణిగాడు. "మీ పొలంలో అయితే పార విరిగేది."

"నోర్మూసుకుని తవ్వు," అన్నాడు ఎర్ముఖాన్. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అన్న మీద వేసిన గుప్పెడు మట్టి వేళ్ళ సందుల్లోంచి రవ్వలా రాలడం చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు అన్న పొలంలో తవ్వి చూశాడు. పైన బూడిదలాంటి దుమ్ము. జానెడు లోతులో పార టంగుమంది. బండలాంటి పెచ్చు. గోధుమ వేళ్ళు దాని దాకా వచ్చి, పక్కకి తిరిగి పాకాయి. వాన నీళ్ళూ దాన్ని దాటి దిగలేదు. ఏటేటా కర్రుతో రుద్ది, చక్రాలతో తొక్కి దాన్ని కట్టింది తామిద్దరే.

వదిన షైజాదా కాపురానికొచ్చిన రోజు నుంచీ మరిది పేరు పలకదు, మా వైపు పద్ధతి. "దొరబాబూ, మీ అన్న పోయిన నలభయ్యో రోజు భోజనాలకి ఊరంతా వస్తుంది. పొలం ఇంకా కొయ్యకాళ్ళతోనే ఉందేం?" అంది, టీ పోస్తూ.

"ఈ ఏడు దున్నొద్దు వదినా. కింద మట్టి పెచ్చు కట్టేసింది. మేమే పాడుచేశాం."

ఆమె టీ పోయడం ఆపేసింది. "అంటే? బతికినన్నాళ్ళూ మీ అన్న చేసింది తప్పా? ఆయన పోయి నెలన్నా కాలేదు, అప్పుడే నా మొహం మీదే అంటావా?"

ఎర్ముఖాన్ టీ తాగాడు. చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా తెలియలేదు.

పొద్దున్నే నాగలి తగిలించాడు. షైజాదా గట్టు మీద కూర్చుని చూస్తోంది. కర్రు దించాడు, అదే లోతుకి. సాయంత్రానికి పొలమంతా నల్లగా, నున్నగా, అన్నకి నచ్చినట్టే తయారైంది. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన ఇంజన్ ఆపి, సీట్లోంచి దిగకుండా అలాగే ఉండిపోయాడు.

మీరైతే ఏం చేసేవాళ్ళు?