పత్తి చేలలో జ్వరాలు

మా ఉన్నత పాఠశాలలో పిల్లలు కంఠతా పట్టే మొదటి లేఖ సెలవు చీటీ. ఆరో తరగతిలో నల్లబల్ల మీద రాసి ఇచ్చే నమూనాలో "నాకు నిన్నటి నుండి జ్వరముగా ఉన్నందున" అని ఉంటుంది. పదో తరగతి దాటేవరకు వాళ్లు అదే వాక్యం రాస్తారు. అక్క పెళ్లికి వెళ్లినా జ్వరమే, సైకిలు చైను తెగినా జ్వరమే. తాత చనిపోయిన కొన్నాళ్లకు గుండుతో బడికి వచ్చిన ఒక పిల్లవాడు కూడా నా చేతికి జ్వరం చీటీయే ఇచ్చాడు. దాన్ని అబద్ధమని అనలేను. సెలవు చీటీ అంటే ఆ మాటలే ఉండాలని వాళ్లు నిజంగా నమ్ముతారు. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి నేను ఒక ఆరోగ్య బృందాన్ని అడవి పల్లెకు పంపించి ఉన్నాను.

నేను భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. ఖానాపురం హవేలి నుంచి రోజూ బస్సులో వెళతాను. జూలూరుపాడు దాటాక రోడ్డు మీద దిగి కొంత దూరం నడిస్తే మా బడి. గని కార్మికుల పిల్లలు కొందరు, బజారులో దుకాణాలున్నవాళ్ల పిల్లలు కొందరు, అడవి అంచున ఉన్న పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు కొందరు. ఎవరు ఏమి చెప్పినా రుజువు అడగడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఈసారి ఎండలు ఎక్కువన్న సహోపాధ్యాయుణ్ని ఎన్ని డిగ్రీలని అడిగాను. ఆ తర్వాత ఆయన నాతో ఎండల గురించి మాట్లాడలేదు. పిల్లలు నాకు థర్మామీటర్ మేడం అని పేరు పెట్టుకున్నారని ఆలస్యంగా తెలిసింది. పేరు బాగానే ఉందనుకున్నాను.

ఆ ఏడు దసరా సెలవులు ముగిశాక మా పదో తరగతి చీటీలను తీగకు గుచ్చుతూ ఒక విషయం గమనించాను. జ్వరం చీటీలు ఒక్కసారిగా పెరిగాయి. ఊళ్ల వారీగా విడదీసి చూస్తే ఎక్కువ భాగం ఒకే పల్లెవి. వానలు వెనకపట్టిన కాలం, అడవి పక్క ఊరు, దోమలు. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపాను. గీత నిటారుగా లేచింది. ఇది మలేరియా కాకపోతే మరేమిటి అనుకున్నాను. ఆ గ్రాఫు తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నేనే వెళ్లాను. అక్కడి నర్సమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు రోజుల తర్వాత జీపు తీసుకుని భోజన విరామం ముగిసే వేళకు బడికి వచ్చింది.

దారి చూపడానికి ఆ పల్లె పిల్ల ఒకతె కావలసి వచ్చింది. ఆ రోజు తరగతిలో ఉన్న పల్లె పిల్ల ఒక్కతే. ఇంట్లో కోయ మాట్లాడుతుంది, బడిలో చాలా తక్కువ మాట్లాడుతుంది. ప్రయోగశాలలో మాత్రం గాజు సామాను ఆమె చేతిలో ఉంటే పగలదని నాకు ధీమా. సూదంటే పిల్లలకున్న భయం పోవాలని నర్సమ్మ అందరి ముందూ ఆమె వేలికే సూది గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద తీసుకుంది. తర్వాత నేనే ఆ పిల్లను జీపెక్కించాను.

బడి వదిలే వేళకు జీపు తిరిగి వచ్చింది. నర్సమ్మ దిగకుండానే చెప్పింది.

"మేడం, మీరు రాసిన జరాలన్ని పత్తి చేన్లల్ల ఉన్నయి. ఊళ్లె ఇద్దరు ముసలోళ్లు, ఒక కుక్క తప్ప పురుగు లేదు. ముసలోళ్లు సూది వద్దన్నరు. కుక్కను నేనడగలేదు."

జీపులో ఉన్న ఆశా కార్యకర్త నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. ఆ రోజు మొత్తం మీద దొరికిన రక్తపు నమూనా బడిలో తీసుకున్న ఆ ఒక్కటే. దానిలో మలేరియా లేదని తర్వాత కబురు వచ్చింది.

ఎవరి మాటనూ పరీక్షించకుండా ఒప్పుకోని నేను, కాగితం మీద ఉన్న మాటను మాత్రం కొలతగా తీసుకున్నాను. పొరపాటు గ్రాఫులో లేదు. చుక్కలన్నీ సరైన చోటే ఉన్నాయి. మర్నాడు తరగతిలో ఒక నియమం పెట్టాను. ఇకమీద చీటీలో అసలు కారణమే రాయాలి. నిజం రాసినవాళ్లను తిట్టను, నిలబెట్టను, ఇంటికి కబురు పంపను. పిల్లలు ఒక వారం నన్ను అనుమానించారు. ఆ తర్వాత చీటీలు మారాయి. ఒకరి మేక ఈనింది. ఒకరి బూటు తడిసింది. గని కార్మికుని కొడుకొకడు నాన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడని, తలుపు చప్పుడు చేయొద్దంటే తానూ పడుకున్నానని రాశాడు. ఒక అమ్మాయి "రాబుద్ధి కాలేదు" అని రాసి సంతకం పెట్టింది. వాటిని నేను సంతోషంగా ఫైలు చేశాను. దారి చూపిన పిల్ల చీటీలు పొట్టిగా ఉండేవి. "పత్తి ఏరబోయిన. మా అమ్మ ఒక్కతె అయితది." సంక్రాంతి దాటాక పత్తి అన్న చోట మిర్చి వచ్చింది. మిగతా వాక్యం మారలేదు.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. హాజరు శాతాలు తీసే పని జరుగుతోంది. ఒక ఉదయం హెడ్మాస్టరు తన గదికి పిలిచారు. ఆయన ముందు నా ఫైలు ఉంది. ఆ పిల్లకు పరీక్ష రాయడానికి కావలసిన హాజరులో ఐదు రోజులు తక్కువ. అనారోగ్యం వల్ల తగ్గిందని డాక్టరు కాగితం జతచేస్తే మినహాయింపు అడగవచ్చు. కానీ జతచేయవలసిన చీటీలన్నింటిలోనూ పత్తి, మిర్చి అని ఆమె చేతిరాతతోనే ఉంది.

"ఏంది మేడం, గిట్ల చేసిన్రు" అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆయన అడిగింది చిన్న పని. పాత చీటీలు తీసేసి, జ్వరమని కొత్తవి రాయించాలి. డాక్టరు సంగతి తాను చూసుకుంటానన్నారు. పిల్ల పరీక్ష రాయాలన్నది ఒక్కటే ఆయన ఉద్దేశం. నా ఉద్దేశం కూడా అదే. ఆ పల్లె నుంచి పదో తరగతి పరీక్షల ముందు ఆగిపోయిన ఆడపిల్లలను ముగ్గురిని ఎరుగుదును. ముగ్గురిలో ఒక్కరూ మళ్లీ బడికి రాలేదు. ముగ్గురిని బట్టి సూత్రం కట్టకూడదని నాకు తెలుసు. అయినా నాలుగో పిల్లతో దాన్ని పరీక్షించి చూసే ధైర్యం నాకు లేదు.

పిల్లను పిలిపించారు. హెడ్మాస్టరు ఆమెకు తెల్ల కాగితాలు, పెన్ను ఇచ్చి ఏమి రాయాలో చెప్పారు. ఆమె కాగితాలు ముట్టుకోలేదు. ఆయన వైపు కాక నా వైపు చూసింది.

"మీరే గద మేడం నిజం రాయమన్నది."

మళ్లీ తనే అంది. "నేను వచ్చిన రోజులు గూడ రాలేదని ఉన్నది. అయి లెక్కవెడితే సరిపోతయేమో."

హెడ్మాస్టరు తల ఊపారు. పరీక్షల ముందు ప్రతి పిల్లా అనే మాటే అది. నేనూ నమ్మలేదు. ఏయే తేదీలని అడిగాను. తేదీలు తెలియవంది. మరి వచ్చినట్టు ఎట్లా తెలుసని అడిగితే వేళ్లు మడుస్తూ చెప్పింది. భూతద్దంతో కాగితం కాల్చిన రోజు. మందార పువ్వు రసం రంగు మారిన రోజు. జింకు ముక్కల మీద బుడగలు లేచిన రోజు. తీగ వేడెక్కి తాను చేయి వెనక్కి తీసుకున్న రోజు. వేలికి సూది పొడిచిన రోజు. ఒక్కొక్కటిగా పది రోజులు చెప్పింది. ఆ రోజుల్లో పత్తి కూలీలను చేలలో దింపి వచ్చాకే ఆటో బడి పిల్లలను ఎక్కించుకునేదట. అది వచ్చేసరికి రెండో పీరియడు అయిపోయేది.

మా హాజరు పట్టికలో ఒక్కో రోజుకు రెండు గడులుంటాయి. ఒకటి ఉదయానికి, ఒకటి మధ్యాహ్నానికి. ఉదయం పేర్లు పిలుస్తాను. మధ్యాహ్నం పిలవను. ఉదయం గడిని చూసి పక్క గడి నింపుతాను. భోజనం తర్వాత పేర్లు పిలిస్తే పీరియడులో కొంత పోతుంది కనుక మా బడిలో అందరూ చేసే పనే అది. ఎన్నేళ్లుగా చేస్తున్నానో చెప్పలేను. అది పరిశీలించకుండా నమోదు చేయడమేనని అంతకుముందు ఒక్కసారి కూడా తోచలేదు.

ఐదు రోజులంటే పది మధ్యాహ్నపు గడులు. ఆ మాట పట్టుకుని రుజువులకు బయలుదేరాను. మధ్యాహ్న భోజనాల లెక్కలో తలలే ఉంటాయి, పేర్లుండవు. అది పనికిరాదు. తోటి పిల్లల సాక్ష్యం నేను తీసుకోను. స్నేహితురాలి కోసం ఏమైనా చెబుతారు. మిగిలింది ఆమె ప్రయోగాల పుస్తకం. ప్రయోగశాల పీరియడు మా తరగతికి మధ్యాహ్నాలే. ప్రయోగం ముగిసిన వెంటనే పుస్తకం చూసి, తేదీ వేసి, ఎర్ర సిరాతో సంతకం చేస్తాను. మర్నాటికి వాయిదా వేయను. ఆ విషయంలో నేను కఠినంగా ఉంటానని పిల్లలు అంటారు.

కాగితం మీద మూడు నిలువు గడులు గీశాను. ఆమె చెప్పినది, రుజువు, తేలినది. కుంభాకార కటకపు నాభ్యంతరం ఉన్న పేజీ తీస్తే మధ్యలో మిరియపు గింజంత రంధ్రం, దాని చుట్టూ గోధుమ రంగు వలయం. కింద నా సంతకం, తేదీ. హాజరు పట్టిక తెరిచి అదే తేదీ చూశాను. రెండు గడుల్లోనూ రాలేదనే ఉంది. అది కూడా నా చేతిరాతే. పుస్తకం ముగిసేసరికి తొమ్మిది తేదీలు తేలాయి. తొమ్మిదింటిలోనూ నా సంతకమే నా పట్టికను కాదంటోంది.

పదోది సూది పొడిచిన రోజు. ఆ రోజు ప్రయోగం లేదు, సంతకం లేదు. ఆ పిల్లను జీపెక్కించింది నేనే కనుక నాకు జ్ఞాపకం ఉంది. కానీ తొమ్మిది మధ్యాహ్నాలు నా కళ్లముందు కూర్చున్న పిల్లను రాలేదని రాసిన మనిషి జ్ఞాపకాన్ని రుజువుగా పెట్టడం నాకు ఒప్పుదల కాలేదు. ఎవరూ అడగకపోయినా సాయంత్రం బస్సు వదులుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచాను.

నర్సమ్మ నన్ను చూడగానే ఈసారి ఏ జబ్బు తెచ్చారని అడిగింది. సంగతి చెప్పాను. ఆమె రక్తపు నమూనాల పుస్తకం తెచ్చి, వేలితో వరుసలు దిగుతూ వెళ్లి ఒక చోట ఆపింది. పిల్ల పేరు, వయసు, తేదీ, తీసిన చోటు హైస్కూలు, ఫలితం మలేరియా లేదు అని. ఆ తేదీన ఆ ఒక్క వరుసే ఉంది.

"గా రోజు మా డీజిలు దండుగ అనుకున్న మేడం" అంది, నకలు రాసి ముద్ర వేస్తూ. "గిందుకు పనికొచ్చింది."

మర్నాడు హెడ్మాస్టరు ముందు పుస్తకం, నకలు, పట్టిక పక్కపక్కన పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పది తేదీలూ తానే సరిచూశారు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. తర్వాత ఒకటే అన్నారు. దిద్దుబాట్లకు కారణం రాయాల్సి ఉంటుంది, పైవాళ్లు అడిగితే జవాబు మీరే చెప్పాలి. అవునన్నాను. మధ్యాహ్నం పేర్లు పిలవకుండా గడులు నింపినందువల్ల జరిగిన పొరపాటు అని నా చేత్తో రాసి సంతకం చేశాను. పది గడులను ఒక్కొక్కటిగా ఎర్ర సిరాతో కొట్టి, పక్కన పొట్టి సంతకాలు పెట్టాను. ఆయన కూడా పెట్టారు. తెల్ల కాగితాలు, పెన్ను బల్ల మీద అలాగే ఉన్నాయి. పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు.

ఐదు రోజులు సరిగ్గా పూడాయి. ఒక్క గడి కూడా మిగల్లేదు. ఇకమీద ఒక్క రోజు కూడా మానకూడదని ఆ పిల్లకు చెప్పాను. అవ్ అంది. ఆ మధ్యాహ్నం నుంచి భోజనం తర్వాత కూడా పేర్లు పిలవడం మొదలుపెట్టాను. మొదటి రోజు పిల్లలు బిత్తరపోయి సగం మంది పలకలేదు.

హాల్‌టికెట్ల రోజున ఆమె టికెట్టు తీసుకుని ఫోటో, పేరు, పుట్టిన తేదీ అన్నీ అక్కడే నిలబడి చదివి చూసుకుంది. తప్పు లేదని నాకు చెప్పి వెళ్లింది. మర్నాడు బడికి రాలేదు. హాజరు లెక్క అప్పటికే పైకి పోయింది కనుక నష్టమేమీ లేదు. అయినా మాట ఇచ్చి మానిందని మనసులో అనుకున్నాను. ఆ మరుసటి రోజు వచ్చి చీటీ ఇచ్చింది. "జరం వచ్చింది" అని రెండే మాటలున్నాయి. నా చూపు చీటీ మీద ఒక క్షణం ఎక్కువ నిలిచిందేమో, ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పి చూపించింది. ఖాళీ మాత్రల రేకు గుండుసూదితో గుచ్చి ఉంది. దాని పక్కన నర్సమ్మ సంతకం, తేదీ.

నేను నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.