పళ్ళపొడి తూటాలు

మా ఇంటి వెనక గదిలో ఒక టేకు బల్ల ఉంది. దాని అంచుకి నాలుగు తూటా మరలు బిగించి ఉంటాయి. తూటా మర అంటే, కాల్చేసిన తూటా గొట్టాన్ని పారేయకుండా మళ్ళీ నింపుకోవడానికి పాతకాలపు వేటగాళ్ళు వాడిన పనిముట్టు. గొట్టం అట్టది, అడుగు ఇత్తడిది. నింపిన గొట్టాన్ని మరలో పెట్టి పిడి తిప్పితే, అట్ట అంచు లోపలికి మడత పడి మూతి మూసుకుంటుంది. మరల పక్కన ఇత్తడి కొలతలు మూడు, దట్టించే చెక్క పుల్లలు అయిదు ఉన్నాయి. అన్నిటికీ నంబర్లు వేసి, ఎప్పుడు దొరికిందీ ఎక్కడ దొరికిందీ చీటీలు కట్టాను.

ఇంట్లో తుపాకీ మాత్రం లేదు. ఏనాడూ లేదు. "చేపలు తిననోడు వలలు పోగేసినట్టుంది" అని మా ఆవిడ ఏటా ఒకసారైనా అంటుంది. తను ఏ ఏడు ఎన్నిసార్లు అందో నా డైరీల్లో ఉంది.

ఆ మరల్ని ప్రతి శనివారం వాడతాను. వాటితో పళ్ళపొడి నింపుతాను.

మా నాన్న దొరల కాలంలో ఒక తుపాకుల షాపులో ఫిట్టరు. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. బస్తాల నుంచి స్క్రూడ్రైవరు దాకా ఎదగడానికి మా ఇంటికి ఒక తరం పట్టింది. షాపు మూతపడినప్పుడు జీతం బదులు నాన్నకి ఒక తూటా మర, రెండు గోనెల ఖాళీ గొట్టాలు ఇచ్చారు. నాన్న వాటిని పజుండౌంగ్‌లో మేం ఉంటున్న ఇంటికి సైకా మీద, అంటే ఇక్కడి సైకిలు రిక్షా మీద, తెచ్చుకున్నాడు. ఆ మర మీద నాకు పదేళ్ళప్పుడే పని నేర్పాడు. ఎంత పోయాలి, ఎంత దట్టించాలి, పిడి ఎన్ని చుట్లు తిప్పాలి, అన్నీ. తుపాకీ మందు బదులు ఇసకతో నేర్పాడు.

తరవాత దేశం తలుపులేసుకుంది. షాపులు సర్కారువయ్యాయి. మనవాళ్ళు వేలమంది మూటలు కట్టుకుని వెనక్కి ఓడలెక్కారు. మోసుకుపోలేనివి ఫుట్‌పాత్‌ల మీదికి వచ్చాయి. కుట్టుమిషన్లకీ గడియారాలకీ జనం ఎగబడేవాళ్ళు. తూటా మరని మాత్రం ఎవరూ ముట్టేవారు కాదు. మేక తల నరికే యంత్రమేమో అనుకునేవారు. అలా నాకు రెండోది మొదలుకుని అయిదోది దాకా దొరికాయి.

ఆ రోజుల్లో పళ్ళపేస్టు పెళ్ళిలో పెట్టదగ్గ వస్తువు. సర్కారు కొట్లో పేరుంటే సరుకుండదు, సరుకుంటే మన నంబరు రాదు. అందుకని అహ్లోన్ బియ్యం మిల్లు నుంచి ఊక బూడిద తెచ్చి, రెండుసార్లు వస్త్రగాళం పట్టి, ఉప్పూ లవంగమూ కొంచెం పటికా కలిపి పళ్ళపొడి చేశాను. చిక్కల్లా వానాకాలంతో వచ్చింది. ఇక్కడ వాన అయిదు నెలలు కురుస్తుంది. కాగితం పొట్లంలో పొడి రెండు రోజుల్లో ముద్దయిపోయేది. అప్పుడు గోనెల్లో ఉన్న గొట్టాలు గుర్తొచ్చాయి. మైనం పూసిన అట్ట, ఇత్తడి అడుగు. వేటగాడి మందుని చిత్తడి నుంచి కాపాడింది మా పళ్ళపొడిని కాపాడదా? కాపాడింది. మా బంధువులందరూ తూటాలతో పళ్ళు తోముకోవడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళకి అదెలా ఉంటుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఎనభై ఎనిమిదిలో తట్టింది.

ఆ ఆగస్టు చివర, జనం సర్కారు మీద తిరగబడ్డాక, ఊళ్ళో సర్కారు అన్నది కనపడలేదు. ఆఫీసులు మూశారు. నేను స్టోర్‌కీపరుగా ఉన్న రేవు గోదాముకీ తాళమే. జైళ్ళు తెరిచేశారని వార్త. ప్రతి వీధీ తన మొగలో వెదురు కంచె కట్టుకుని, తనే కాపలా కాసుకునేది. అన్నిటికన్నా భయపెట్టిన పుకారు ఒకటుంది: ఎవరో మనుషుల్ని పంపి మంచినీళ్ళలో విషం కలిపిస్తున్నారని. బర్మావాళ్ళు పుణ్యానికి వీధి మూలల్లో మంచినీళ్ళ కుండలు పెడతారు, దారినపోయే ఎవరైనా తాగొచ్చు. ఆ వారం నుంచి ఆ కుండల దగ్గర కూడా కాపలా. విషం కలిపాడని దొరికిన వాళ్ళని ఏం చేస్తున్నారో వింటున్నాం. అది ఇక్కడ రాయను, డైరీలో కూడా రాయలేదు.

మా బావ, అంటే మా పెద్దక్క మొగుడు, బోటాటౌంగ్ రేవులో క్రేను మేస్త్రీ. ఆ ఉదయం వచ్చి, తోటి పనివాళ్ళ ఇళ్ళకని పదకొండు గొట్టాలు సంచీలో వేసుకుని వెళ్ళాడు. గంట తిరక్కుండా మాకు తెలిసిన సైకా అతను రొప్పుతూ వచ్చాడు.

"ఊలే," అన్నాడు. ఊలే అంటే బాబాయి అన్నట్టు. "మీ బావగారిని బోటాటౌంగ్ కంచె దగ్గర పట్టుకున్నారు. నీళ్ళ కుండలో పొడి కలుపుతున్నాడంటున్నారు. స్తంభానికి కట్టేశారు. తొందరగా రండి."

జరిగిందేమిటంటే, బావ దారిలో కిళ్ళీ వేసుకున్నాడు. ఆయనకి కిళ్ళీ నమిలాక పళ్ళు తోముకోవాలి, శుభ్రం ఎక్కువ. కుండ కనిపించింది. సంచీలోంచి తూటా తీశాడు, మూతి విప్పాడు, బూడిదరంగు పొడి అరచేతిలో పోసుకుని కుండ మీదికి వంగాడు. ఎవరో మెడ పట్టుకుని లాగితే పొడి కుండలోకి ఒలికింది. విషం వెయ్యడానికి వచ్చినవాడు ఇంకెలా ఉంటాడు?

నేను ముందు మరని బల్ల మీంచి విప్పాను. నాన్నది, మొదటిది. మిగతావాటికన్నా అది బరువు తక్కువ.

"మతుందా? తూటాలు కావని చెప్పడానికి తూటా మర పట్టుకెళ్తారా?" అంది మా ఆవిడ.

"మాటలెవరు నమ్ముతారు? చేసి చూపించాలి."

"అయితే నన్నూ కట్టెయ్యమని చెప్పండి. ఇద్దరికీ కేరేజీ ఒక్కసారే పట్టుకొస్తాను."

అంటూనే పొడి డబ్బా, ఖాళీ గొట్టాలూ సంచీలో తనే సర్దింది.

బోటాటౌంగ్ కంచె దగ్గర నా సంచీ విప్పారు. మర చూశారు. గొట్టాలు చూశారు. పొడి చూశారు. నేను నోరు తెరిచేలోగా నన్ను బావ పక్కన నిలబెట్టారు. సుమారు డెబ్బై మంది ఉన్నారు, కొందరి చేతుల్లో కత్తులున్నాయి. బావ చొక్కా చిరిగింది, పెదవి చిట్లింది.

"వచ్చేవేట్రా బామ్మర్దీ," అన్నాడు మన భాషలో. "నానొక్కడ్నే సచ్చిపోతే బాగోదని తోడొచ్చేవా?"

"నువ్వు మాటాడకు బావా."

"మాటాడకేటి సేస్తాను? సేతులు కట్టీసినారు."

"ఆ భాషలో మాట్లాడొద్దు!" అని ఒకతను కర్ర ఎత్తాడు. అందరిలోకీ ముందున్నది అతనే. గట్టివాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎన్ని రోజులై నిద్రపోలేదో.

కాపలా పెద్ద ఒక స్కూలు మాష్టారు, అందరూ సయా అంటున్నారు. నేను ఆయనకే చెప్పాను. ఇది పళ్ళపొడి, నేనే చేస్తాను, ఏ గొట్టం ఇస్తే దానితో ఇప్పుడే తోముకుంటాను. ఆయన ఒకటి తీసి ఇచ్చాడు. తోముకున్నాను. మింగాను.

"అదొక్కటీ మంచిదేమో," అన్నాడు కర్ర అతను. "మిగతావాటిలో ఉందేమో!"

అది నిజంగా సరైన ప్రశ్న. గోదాములో నేనైనా అదే అడిగేవాణ్ణి. సరుకు పరీక్షలో ఒక్క బస్తా చూసి లోడంతా పాస్ చెయ్యం. "అయితే మిగతా పదీ ఇవ్వండి," అన్నాను.

ఒకటి తరవాత ఒకటి. జనం పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాలుగోదానికి నాలుక మొద్దుబారింది. ఆరోదానికి చిగుళ్ళ నుంచి రక్తం. ఏడోదానికి బావ అరిచాడు, ఈసారి బర్మా భాషలోనే: "సయా, కట్లు విప్పండి, మిగిలినవి నేను తోముకుంటాను. మా బామ్మర్దికి పళ్ళు మిగలవు!"

ఎవరో నవ్వారు. నవ్వింది ఒక ముసలమ్మ. ముందుకొచ్చి, నా చేతిలో గొట్టం వాసన చూసి, "లవంగం" అంది. వేలితో కొంచెం తీసుకుని, ఉన్న మూడు పళ్ళూ తోముకుంది. "బాగుంది. ఉప్పు ఎక్కువైంది," అంది. తరవాత ఆవిడే పొడి పడిన కుండలోంచి ఒక గ్లాసు ముంచుకుని, సయా వద్దంటున్నా వినకుండా తాగేసింది. అందరం ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాం. ఆవిడ తేన్చింది.

బావ కట్లు విప్పారు.

అంతటితో అయిపోలేదు. కర్ర అతను మరని ఎత్తి చూస్తున్నాడు. "పొడి మంచిదే. మరి ఇది?"

టీకొట్టు బల్లకి బిగించి చూపించాను. పొడి పోశాను, దట్టించాను, పిడి తిప్పాను. మూతి పడింది. చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు, నాకు కూడా కొంచెం గర్వమే కలిగింది, తప్పు ఒప్పుకుంటాను.

"ఊలే, అసలు మందు పోస్తే అసలు తూటా అవుతుందా?" అడిగాడు అతను, నెమ్మదిగా. "మాకొక పాత తుపాకీ ఉంది. తూటాలే లేవు."

అబద్ధం చెప్పొచ్చు. చేతకాదనొచ్చు. కానీ పది మాటల నిజం చెప్పి బయటపడ్డచోట పదకొండోది అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అవుతుంది. మా నాన్న నేర్పాడు," అన్నాను. "నేను చెయ్యను. ఇందాక మీ దగ్గర తుపాకీకి తూటా ఉండుంటే, మా బావని కట్టేసే ఓపిక మీకుండేదా?"

అతనికి కోపం వచ్చింది. మొహం తిప్పేసుకున్నాడు. సయా మర మీద చెయ్యి వేసి అన్నాడు: "మీరు వెళ్ళండి, ఇద్దరూ. ఇది ఇక్కడే ఉంటుంది. మీరు వేరే వీధికి చెయ్యకుండా."

నేను బేరమాడలేదు. మర స్క్రూ బల్లకి మరీ గట్టిగా పట్టించకండి, గాడి పోతుందని మాత్రం చెప్పాను. సెప్టెంబరులో సైన్యం వీధుల్లోకి దిగాక, ఆ మరతో పాటు సయా దొరికిపోతాడేమోనని వారంపాటు అన్నం సహించలేదు. తరవాత తెలిసింది, మేం వెళ్ళిన సాయంత్రమే ఆయన దాన్ని పజుండౌంగ్ కాలువలో పడేయించాడట. కర్ర అతని చేతికి అందకుండానే. ఆ వారం మిగతా కంచెల దగ్గర నిలబెట్టినవాళ్ళందరికీ అలాంటి సయా దొరకలేదు, అలాంటి ముసలమ్మా దొరకలేదు.

ఇంటికి నడిచే వచ్చాం. ఒక్క బస్సూ లేదు.  మా వీధి కంచె కనిపించాక బావ అన్నాడు:

"ఆ మర మీ అయ్యది గదా?"

"అవును."

"నా కోసం పోయింది."

"నీ కిళ్ళీ కోసం పోయింది."

"సరే, కిల్లీ కోసమే. నానంత కరీదు సేస్తానంటావా? మర ఇచ్చి నన్ను తెచ్చుకున్నందుకు నట్టమా, లాబమా?"

నోరంతా మండుతోంది, మాట సరిగా రావడం లేదు.

"అక్క ఇంకా నిన్ను చూడలేదు కదా," అన్నాను. "ఆ చొక్కా చూశాక ఏమంటుందో అడిగి చెప్తాను."