విసనకర్రలో మార్నిక్స్ వంతు

మార్నిక్స్ ఉద్యోగం బఠాణీల ఫ్యాక్టరీలో. బెల్జియంలోని వెస్ట్ ఫ్లాండర్స్‌లో పండిన పచ్చి బఠాణీలన్నీ గడ్డకట్టి సంచుల్లోకి వెళ్ళేముందు ఒక బెల్టు మీద అతని కళ్ళ ముందు నుంచే పోవాలి. పుచ్చినవీ, నల్లబడ్డవీ ఏరి పారేస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఇంట్లో మాత్రం బఠాణీ ముట్టడు.

ఇలాంటి మనిషికి రెండు పిచ్చులుండటంలో వింతేమీ లేదు. మొదటిది యోరిస్. యోరిస్ ఆ ఊరి కుర్రాడే, జీతానికి సైకిల్ తొక్కే పందెగాడు. పదకొండేళ్ళలో ఒక్క పందెమూ గెలవలేదు. గెలవడం అతని పని కాదు మరి. తన జట్టు నాయకుడికి గాలి తగలకుండా ముందుండి తొక్కడం, గమ్యం దగ్గర పడగానే పక్కకు తప్పుకోవడం, అంతే. తప్పుకున్నాక టీవీ కెమెరా అతని వైపు తిరిగి కూడా చూడదు. అయినా సరే, ఊళ్ళో అతనికి నలభై ఇద్దరు సభ్యులతో ఒక అభిమాన సంఘం ఉంది. అధ్యక్షుడు మార్నిక్స్. సంఘానికి జెండా, టోపీలు, కూర్చోవడానికి గోడెలీవ్ కెఫే ఉన్నాయి. గోడెలీవ్ మార్నిక్స్ భార్య. ఆవిడకు సైకిళ్ళంటే గిట్టదు, అమ్ముడయ్యే బీరంటే గిట్టుతుంది.

రెండో పిచ్చి ట్రయాథ్లాన్. ఏటా జూలైలో కాలువ ఒడ్డున జరుగుతుంది. కిలోమీటరున్నర ఈత, నలభై కిలోమీటర్లు సైకిల్, పది కిలోమీటర్లు పరుగు. మొత్తం మూడున్నర గంటల్లో ముగించిన వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద వస్తాయి. ఆ జాబితాను గోడెలీవ్ చివరి పేరు కింద కత్తెరతో నీటుగా కత్తిరించి కెఫే తలుపుకు అంటిస్తుంది. ఏడాది పొడుగునా అది అక్కడే ఉంటుంది. బీరు తాగడానికి వచ్చే ప్రతివాడూ దాన్ని చదివే లోపలికి వస్తాడు.

ఆ కాగితం మీద మార్నిక్స్ పేరు ఎన్నడూ లేదు. మొదటి ఏడు కాలువలోంచి పడవలోకి లాగారు. రెండో ఏడు నాలుగు నిమిషాలు ఆలస్యం. మూడో ఏడు టైరు పగిలింది. మూడుసార్లూ కట్టుకున్న భార్యే ఆ పేరు లేని కాగితాన్ని చక్కగా కత్తిరించి తలుపుకు అంటించింది. రూల్ రూలే అంది. ఇక ఈ ఏడు నాలుగోసారి, ఇదే ఆఖరు కూడా. సెప్టెంబరులో మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత పరుగన్న మాటే ఎత్తొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

పందెం నాడు పొద్దున్నే చక్కెర రొట్టె తింటున్న మొగుణ్ణి గోడెలీవ్ ఎగాదిగా చూసింది.

"ఈసారన్నా నీ పేరు అంటించే యోగం నాకుందా?"

"జిగురు సిద్ధంగా పెట్టుకో."

"జిగురుకేం, నాలుగేళ్ళ నుంచీ సిద్ధంగానే ఉంది. నీ మోకాలి సంగతేంటి?"

మార్నిక్స్ ఇంకో రొట్టె అందుకున్నాడు.

ఈత ఈసారి గట్టెక్కింది. నలభై నాలుగు నిమిషాలకు బురద ముఖంతో బయటపడి సైకిలెక్కాడు. లెక్క ప్రకారం అంతా బాగుంది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర దారి ఉత్తరానికి తిరిగింది. సముద్రం మీది గాలి ఎడమ పక్క నుంచి ఈడ్చి కొట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ట్రయాథ్లాన్‌లో సైకిల్ మీద ముందువాడికి పది మీటర్ల దూరం పాటించాలి. ముందువాడి చాటున తొక్కకూడదు, ఎవరి గాలి వాళ్ళే తినాలి. ఈ రూలు మార్నిక్స్‌కు నోటికి వచ్చు. కానీ పక్కగాలి తగలగానే ఆ గడ్డ మీద పుట్టినవాడి ఒళ్ళు బుర్రను అడగదు. ముందువాడి కుడి భుజం వెనక్కి తనంతట తనే జరుగుతుంది. అలా ఒకరి పక్కన ఒకరు ఏటవాలుగా రోడ్డు వెడల్పునా పరుచుకుంటారు. ముందువాడు కాసేపు గాలి తిని వెనక్కి జారతాడు, తర్వాతివాడు వంతు అందుకుంటాడు. ఆ వైపు దీన్ని విసనకర్ర అంటారు.

మార్నిక్స్ ముందు నలుగురున్నారు. ఎవరో ఏమిటో తెలియదు. అర నిమిషంలో వాళ్ళను విసనకర్రగా మార్చేశాడు.

"ఏయ్ ఎర్రచొక్కా, కుడికి జరుగు! అమ్మాయ్, చక్రాన్ని కాదు, భుజాన్ని చూడు! నీ వంతు అయింది, తప్పుకో, తప్పుకో!"

నలుగురూ నోరెత్తకుండా చెప్పినట్టు చేశారు. వాళ్ళూ ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళే కదా. పదేళ్ళుగా కలిసి తొక్కుతున్నంత ముచ్చటగా రెండు కిలోమీటర్లు సాగింది. మార్నిక్స్‌కు జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, పెళ్ళినాడు కూడా. అప్పుడు పక్కకు ఒక మోటారుసైకిల్ వచ్చింది. దాని మీద రెఫరీ ఇగ్నాస్. సాక్షాత్తూ యోరిస్ సంఘం కార్యదర్శి.

"ఒరేయ్ మార్నిక్స్, విసనకర్ర ఎంత బాగా వేశావురా! కిలోమీటరు నుంచీ వెనకే వస్తున్నా. విజిల్ ఊదడానికి మనసొప్పలేదు."

"మరి ఊదకు."

"రూల్ రూలే. అయిదుగురికీ అయిదేసి నిమిషాలు శిక్ష." ఇగ్నాస్ నీలం కార్డు తీసి చూపించాడు. అతని కళ్ళు చెమర్చాయి, గాలికే కావచ్చు.

శిక్ష గుడారంలో ఆ అయిదు నిమిషాలూ అయిదుగురూ వరసగా నిలబడ్డారు. ఇందాక మార్నిక్స్ 'అమ్మాయ్' అని పిలిచిన ఆమె పేరు అన్నెలీన్. బడి పంతులమ్మ. మొట్టమొదటిసారి వచ్చింది. గడియారం చూసుకుంటూ పెదవి కొరుక్కుంటోంది.

"గడువు లెక్కలో నా చేతిలో మిగిలిందే ఈ అయిదు నిమిషాలండీ," అంది. "మీరు అంత గట్టిగా అరిచారు కదా, మీకు రూల్సన్నీ తెలిసే ఉంటాయనుకున్నా."

"తెలుసమ్మా," అన్నాడు మార్నిక్స్. తన పేరు పోతే పోయింది, ఈ పిల్ల పేరు కూడా పోగొట్టానే అని లోపల కుమిలిపోయాడు.

పరుగు మొదలుపెట్టేసరికి గడువుకు డెబ్బై నిమిషాలున్నాయి. మోకాలు అడుగడుగునా గుర్తు చేస్తూనే ఉంది. ఆరో కిలోమీటరులో దారి వెనక్కి తిరిగి గాలికి ఎదురైంది. అక్కడ అన్నెలీన్ నడుస్తూ కనబడింది.

"నా వల్ల కాదు, మీరు వెళ్ళండి."

"నా వెనక రా. భుజం దగ్గర. పరుగులో ఇది తప్పు కాదు, ఇగ్నాస్ కూడా ఏమీ అనలేడు."

"నిజంగానా?"

"ఈసారి నిజంగానే."

మార్నిక్స్ వీపు వెడల్పాటిది. బీరూ బంగాళదుంప వేపుళ్ళూ కలిసి పెంచిన వీపు. దాని వెనక అన్నెలీన్ పరిగెత్తింది. నాలుగు కిలోమీటర్లు వెనక్కి తిరగకుండా ఆమె అడుగుల చప్పుడు వింటూనే వేగం పట్టాడు. చప్పుడు దూరమైతే తగ్గించాడు, దగ్గరైతే పెంచాడు. మలుపు తిరగగానే గమ్యం కనబడింది, పైన గడియారం. మూడు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల మీద సెకన్లు పరుగెడుతున్నాయి. ఇంకో వంద మీటర్లు. ఇద్దరికీ వ్యవధి ఉంది.

అప్పుడు మార్నిక్స్ ఎడమ పక్కకు తప్పుకున్నాడు. మోచెయ్యి ఆడించి ఆమెను ముందుకు పొమ్మన్నాడు. భుజాలు జారవేసి నడక అందుకున్నాడు. పదకొండేళ్ళుగా యోరిస్ చేయగా చూసిందే, పొల్లుపోకుండా చేశాడు. అన్నెలీన్ దూసుకుపోయింది. మార్నిక్స్ నిలబడి చప్పట్లు కూడా కొట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా మహానుభావా!" గమ్యం గీత అవతల గోడెలీవ్ గొంతు చించుకుంది. "పరిగెత్తు!"

అప్పుడు గుర్తొచ్చింది తను కూడా పందెంలో ఉన్నానని. పరిగెత్తబోతే చల్లబడ్డ మోకాలు మొండికేసింది. కుంటుకుంటూ గీత దాటేసరికి గడువు మీద తొమ్మిది సెకన్లు దాటిపోయాయి.

ఇగ్నాస్ గడియారం చూసి తల దించుకున్నాడు. "ఎందుకు ఆగావురా?"

"నా వంతు అయిపోయిందనుకున్నా."

అన్నెలీన్ పతకం పట్టుకుని ఏడుస్తూ వచ్చి అతన్ని వాటేసుకుంది. మార్నిక్స్ నవ్వేసి, "కాళ్ళు చాచుకో, లేకపోతే రేపు మెట్లు దిగలేవు," అన్నాడు. తర్వాత బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. ఎవరూ చూడలేదు.

సాయంత్రం కెఫేలో టీవీ ముందు సంఘమంతా చేరింది. ఫ్రాన్స్‌లో పెద్ద పందెం. ముప్పై కిలోమీటర్లుగా యోరిస్ ముందుండి తొక్కుతున్నాడు. కొండ మొదట్లో పక్కకు తప్పుకున్నాడు. నలభై ఇద్దరూ లేచి కేకలు పెట్టారు. గ్లాసులు తుడుస్తున్న గోడెలీవ్ మొదటిసారిగా తల ఎత్తి టీవీ చూసింది.

"ఇప్పుడేమవుతాడు వాడు?"

"వెనక నెమ్మదిగా వస్తాడు," అన్నాడు మార్నిక్స్.

"ఎవరూ చూడరా?"

"మేం చూస్తాం."

ఆవిడ జిగురు డబ్బా, జాబితా, కత్తెర తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. చివరి పేరు అన్నెలీన్‌ది. దాని కింద జానెడు తెల్లకాగితం ఖాళీగా ఉంది. గోడెలీవ్ కత్తెర తెరిచింది, మార్నిక్స్ వైపు ఓసారి చూసి, మళ్ళీ మూసి ఏప్రను జేబులో వేసుకుంది. ఆ ఏడాదంతా ఆ జానెడు ఖాళీతోనే కాగితం తలుపు మీద ఉంది.